మావయ్య బోటుకి నైట్ విజన్ కొనాలంటే

మా మావయ్యకి కాకినాడలో ఒక ఫైబర్ బోటు ఉంది. పొడవు 9 మీటర్లు, ఒక ఇంజను, ఆయనతో కలిపి ఐదుగురు మనుషులు. ఈ ఏడాది సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకి, అమావాస్య దగ్గర్లో, వేట ముగించుకుని తెల్లవారుజామున 4 గంటలప్పుడు కుంభాభిషేకం రేవు వైపు వస్తున్నారు. ఎదురుగా చీకట్లో రెండు దీపాలు. ఒకటి ముందు, ఒకటి బాగా వెనక. రెండూ వేరువేరు పడవలనుకుని, మధ్యలోంచి దాటేద్దామని మావయ్య చుక్కాని తిప్పాడు. అవి వేరువేరు కాదు. ముందున్నది టగ్గు, వెనకున్నది అది లాక్కొస్తున్న బార్జీ. మధ్యలో చెయ్యంత లావు తాడు, ఒకసారి నీళ్ళలో మునుగుతూ ఒకసారి పైకి లేస్తూ. ముందు కూర్చున్న కళాసీకి ఆ తాడు నీటిని కొట్టిన చప్పుడు వినపడింది. గట్టిగా అరిచాడు. మావయ్య ఇంజను రివర్స్ వేశాడు. బోటు ఆగింది. ఏమీ కాలేదు.

ఆ సాయంత్రం నాకు ఫోన్. "అల్లుడూ, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నావు కదా. చీకట్లో కనపడే బైనాక్యులర్లు ఉంటాయంట, మిలట్రీ వాళ్ళు వాడేవి. నలభై వేలల్లో మంచిదేదో చూసి చెప్పు."

మన ఇళ్ళల్లో సీఎస్‌ఈ అంటే ఏంటో మీకు తెలుసు. ప్రింటర్ బాగుచెయ్యాలి, ఆధార్‌కి ఫోన్ లింక్ చెయ్యాలి, టీవీ రిమోట్ చూడాలి. ఇప్పుడు నైట్ విజన్ వచ్చి చేరింది. అరగంటలో రెండు లింకులు పంపేసి పడుకుందామనుకున్నాను. తేలడానికి మూడు నెలలు పట్టింది. మధ్యలో నేను చెప్పిన సలహా ఒకటి తప్పని కూడా తేలింది. ఆ సంగతి చివర్లో.

కాకినాడ తెలియని వాళ్ళకి ముందు ఒక్క ముక్క. ఇక్కడ లోతు నీటి పోర్టుతో పాటు పాతకాలపు యాంకరేజి పోర్టు కూడా ఉంది. అంటే ఓడ ఒడ్డుకి రాదు, సముద్రంలోనే లంగరేసి నిలబడుతుంది. బియ్యం లాంటి సరుకుని కాలువ దగ్గర బార్జీల్లోకి ఎక్కించి ఓడ దాకా తీసుకెళ్తారు. హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండటం వల్ల లోపల అలలు తక్కువ కాబట్టి ఇదంతా కుదురుతుంది. వేట బోట్లు ఇంటికొచ్చే దారీ, బార్జీల దారీ ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. పైగా తిరిగొచ్చేటప్పుడు బోటు ముఖం పడమటికి, అంటే ఊరి వైపు. బార్జీ మీదున్న మసక దీపం వెనకాల ఊరి దీపాలన్నీ వెలుగుతుంటాయి. వాటిల్లో ఇది కలిసిపోతుంది.

ఇక వెతకడం మొదలుపెట్టాక తెలిసిన మొదటి విషయం, నైట్ విజన్ అనే ఒకే పేరు మీద ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు రకాల వస్తువులు అమ్ముతున్నారు.

సినిమాల్లో ఆకుపచ్చగా కనపడేది ఇమేజ్ ఇంటెన్సిఫయర్. నక్షత్రాల నుంచి వచ్చే కాస్త వెలుతురు కూడా దీనికి చాలు. ఆ వెలుతురు ముందు ఫోటోకాథోడ్ అనే పొర మీద పడి ఎలక్ట్రాన్లని బయటికి తోస్తుంది. అవి లక్షల కొద్దీ సన్నటి రంధ్రాలున్న గాజు పలక గుండా వెళ్తాయి. ఒక్కో రంధ్రం గోడలకి కొట్టుకుంటూ ఒక ఎలక్ట్రాన్ వేలయి బయటికొస్తుంది. చివర్లో ఫాస్ఫర్ తెర మీద పడి మళ్ళీ వెలుతురవుతుంది. ఇందులో బ్యాటరీ ఉంది గానీ పిక్సెళ్ళూ ప్రాసెసరూ ఏమీ లేవు. నాకు ఇది తెలిసిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు, అంత బాగుంది. కానీ తరం పెరిగే కొద్దీ ధర కూడా పెరుగుతుంది. మొదటి తరంవి చవకే గానీ చూపు బలహీనం. మూడో తరంవి లక్షల్లో ఉన్నాయి. మావయ్య బడ్జెట్‌తో దాని పెట్టె కూడా రాదు.

రెండోది డిజిటల్. ఆన్‌లైన్‌లో పది, ఇరవై వేలకి దొరికే బైనాక్యులర్లు దాదాపు అన్నీ ఇవే. లోపల ఉండేది మామూలు కెమెరా సెన్సరు. మన ఫోన్ కెమెరాలో పరారుణ కాంతిని ఆపే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, ఇందులో అది తీసేస్తారు. పక్కన ఒక పరారుణ దీపం పెడతారు. ఆ దీపం మన కంటికి కనపడదు గానీ సెన్సరుకి టార్చిలా వెలుగుతుంది. మా హాస్టల్‌లో ఒక సీనియర్ దగ్గర ఇలాంటిది ఉంటే అడిగి తీసుకుని, ఫిబ్రవరిలో ఇంటికెళ్ళినప్పుడు మావయ్యతో బోటెక్కాను. కాలేజీ గోడ మీద పిల్లిని 100 మీటర్ల నుంచి చూపించిన వస్తువు, సముద్రం మీద చేతులెత్తేసింది. ఎందుకంటే గోడ వెలుతుర్ని తిరిగి పంపిస్తుంది, నీళ్ళు పంపించవు. అద్దంలా ఏటవాలుగా అవతలికి తోసేస్తాయి. పైగా గాల్లో ఉన్న తుంపర్లు, తెల్లవారుజాము మంచు, మన బోటు ముక్కు, ఇవన్నీ దగ్గరలో ఉండి ఆ దీపానికి తెల్లగా మెరిసిపోతాయి. హెడ్‌లైట్ హైబీమ్‌లో పెట్టి పొగమంచులో బండి నడిపినట్టు. దీపం ఆపేస్తే తెర మీద చీమలు.

ఫోన్లో నైట్ మోడ్ ఉంది కదా అని మీలో ఒకరైనా అనుకుంటారు, నేనూ అనుకున్నాను. అది రెండు మూడు సెకన్ల పాటు తీసిన ఫ్రేములని ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. బోటు ఆ రెండు సెకన్లలో రెండుసార్లు ఊగుతుంది. ఫోటోలో చంద్రుడు లేని ఆకాశంలో తెల్లటి పాములు వచ్చాయి.

అయితే ఆ డిజిటల్ పరికరంతో ఒక లాభం జరిగింది. ఒక కళాసీ వేసుకున్న లైఫ్ జాకెట్ భుజం మీద వెండి రంగు టేపు ముక్క ఉంది. దీపం తగిలేసరికి అది మాత్రం నక్షత్రంలా మెరిసింది. ఆ టేపు వెలుతురు ఎటు నుంచి వస్తే అటే వెనక్కి పంపిస్తుంది. దానికి నైట్ విజన్ అవసరం కూడా లేదు, మామూలు టార్చి కంటి పక్కన పెట్టుకుని చూసినా మెరుస్తుంది. మిగతా నాలుగు జాకెట్లకి టేపు లేదు. ఇది కాగితం మీద రాసుకున్నాను.

మూడోది థర్మల్. మావయ్యకి అసలు కావాల్సింది ఇదే అని నాకు మొదటి వారంలోనే అనిపించింది. దీనికి వెలుతురుతో పనే లేదు. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి పరారుణ కిరణాలు వదులుతూ ఉంటుంది. అందులో 8 నుంచి 14 మైక్రోమీటర్ల మధ్య ఉండేవాటిని ఈ కెమెరా పట్టుకుంటుంది. ఒక్కో పిక్సెలు నిజానికి ఒక చిన్న థర్మామీటర్. దాని లెన్సు గాజుది కాదు, జెర్మేనియంది. ఎందుకంటే గాజు ఈ కిరణాలని దాటనివ్వదు. కాబట్టి క్యాబిన్ అద్దం వెనక కూర్చుని దీంతో బయటికి చూద్దామంటే కుదరదు, మన ముఖమే మనకి కనపడుతుంది. నీళ్ళు కూడా దాటనివ్వవు. నీటి కింద ఉన్న రాయీ, చేపా, మునిగిపోయిన మనిషీ ఎవరూ ఇందులో కనపడరు.

దీని ప్రకటనల దగ్గరే నాకు ఒళ్ళు మండింది. 'మనిషిని 750 మీటర్ల నుంచి కనిపెడుతుంది' అని రాస్తారు. ఎలాంటి మనిషి? ఈ లెక్క వెనక 1958లో అమెరికా సైన్యం కోసం జాన్ జాన్సన్ అనే ఆయన చేసిన పని ఉంది. ఒక వస్తువు ఏదో ఉందని తెలియాలంటే తెర మీద ఎంత వివరం ఉండాలి, అది ఏ రకందో తెలియాలంటే ఎంత ఉండాలి అని కొలిచాడు. పిక్సెళ్ళలో చెప్పుకుంటే ఏదో ఉందని తెలియడానికి 2, అది మనిషో పడవో తేలడానికి 8, ఎవరో గుర్తుపట్టడానికి 13 దాకా కావాలి. అమ్మేవాళ్ళు రాసేది ఆ 2 పిక్సెళ్ళ దూరం. 'కనిపెడుతుంది' అంటే తెర మీద రెండు చుక్కలు అని అర్థం. అది కూడా 1.8 మీటర్ల మనిషి నిటారుగా నిలబడి ఉంటే.

సముద్రంలో పడిపోయిన మనిషి నిలబడడు. పైకి కనపడేది తల. పావు మీటరు అనుకోండి.

మనకి లెక్కలొచ్చు కదా, చేసి చూద్దాం. ఇప్పుడు వస్తున్న సెన్సర్లలో ఒక పిక్సెలు సైజు సాధారణంగా 12 మైక్రోమీటర్లు. లెన్సు ఫోకల్ లెంగ్త్ 10 మిల్లీమీటర్లయితే, 12ని 10 పెట్టి భాగిస్తే 1.2. అంటే కిలోమీటరు దూరంలో ఒక్క పిక్సెలు 1.2 మీటర్ల మేర కప్పుతుంది. నిలబడ్డ 1.8 మీటర్ల మనిషి మీద 2 పిక్సెళ్ళు పడాలంటే ఒక్కోటి 0.9 మీటర్లు. అది 750 మీటర్ల దగ్గర కుదురుతుంది. ప్రకటన అబద్ధం కాదు. అదే పావు మీటరు తల మీద 2 పిక్సెళ్ళు పడాలంటే ఒక్కోటి 12.5 సెంటీమీటర్లు. దూరం 104 మీటర్లు. అదే కెమెరా, అదే మనిషి. 750 కాస్తా 104 అయింది.

కాగితం మీద లెక్కని నమ్మడం కష్టమని మార్చిలో మా ఈసీఈ ఫ్రెండు ప్రాజెక్టు కోసం కొన్న థర్మల్ కెమెరా పట్టుకెళ్ళాను. ఫోన్‌కి గుచ్చేది, 256 బై 192 పిక్సెళ్ళు, లెన్సు 3.2 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం తల 33 మీటర్ల దాకా కనపడాలి. రాత్రి 9 గంటలకి మా మావయ్య కొడుకుని మెడలోతు నీళ్ళలో నిలబెట్టి, కొలిచి ముడులేసిన నైలాన్ తాడు చివర వాడికిచ్చి, నేను ఒడ్డున ఒక్కో ముడీ వెనక్కి నడిచాను. 20 మీటర్ల దగ్గర తల తెల్లటి బఠాణీలా బాగా కనపడింది. 30 దగ్గర ఉందా లేదా అన్నట్టు. 35 దాటాక అల వెనక పోయింది, మళ్ళీ రాలేదు. నాకు ఇంత ఆనందం ఏ ల్యాబ్‌లోనూ కలగలేదు. వాడు మాత్రం చలికి వణుకుతూ తిట్టుకుంటూ బయటికొచ్చాడు.

వాడు బయటికొచ్చి మళ్ళీ ఒకసారి నీళ్ళలో మునిగి లేచినప్పుడు ఇంకో సంగతి గమనించాను. తడిసిన తల పొడి తల కంటే మసకగా ఉంది. జుట్టు మీది నీరు సముద్రపు వేడిలోనే ఉంటుంది కదా, కాబట్టి తేడా తగ్గిపోతుంది. యూట్యూబ్‌లో సముద్రంలో మనిషి బల్బులా వెలిగిపోయే వీడియోలు చాలావరకు చల్లటి దేశాలవి. అక్కడ నీళ్ళు 10 డిగ్రీలుంటే మనిషి ముఖం 30 పైన. మన బంగాళాఖాతం వేసవిలో 28, 30 డిగ్రీల దాకా ఉంటుంది. తేడా చాలా తక్కువ. పైగా గాల్లో తేమ కూడా ఈ కిరణాలని మింగేస్తుంది. కాబట్టి మన తీరానికి కొనేవాళ్ళు పిక్సెళ్ళ సంఖ్య తర్వాత తప్పకుండా చూడాల్సిన అంకె ఎన్‌ఈటీడీ. ఎంత చిన్న వేడి తేడాని పట్టుకోగలదో చెప్పేది అది. మిల్లీకెల్విన్లలో రాస్తారు, తక్కువుంటే మంచిది. 50 అని రాసిందానికీ 25 అని రాసిందానికీ చలికాలం హిమాలయాల్లో పెద్ద తేడా తెలియకపోవచ్చు, మే నెలలో కాకినాడలో తెలుస్తుంది.

పిక్సెళ్ళ గురించి కూడా నాలో ఒక పొరపాటు ఉండేది. పిక్సెళ్ళు ఎక్కువైతే ఎక్కువ దూరం కనపడుతుందనుకున్నాను. పై లెక్కలో పిక్సెళ్ళ సంఖ్య ఎక్కడా రాలేదు, చూశారా? దూరాన్ని ఇచ్చేది లెన్సు. పిక్సెళ్ళ సంఖ్య ఇచ్చేది వెడల్పు. 25 మిల్లీమీటర్ల లెన్సు వెనక 640 పిక్సెళ్ళ సెన్సరు పెడితే 17 డిగ్రీల పైన వెడల్పు కనపడుతుంది. అదే లెన్సు వెనక 256 పిక్సెళ్ళది పెడితే దూరం అంతే, వెడల్పు 7 డిగ్రీలు. కొబ్బరిబోండం స్ట్రాలోంచి సముద్రాన్ని చూసినట్టు. బోటు ఊగినప్పుడల్లా చూసేది కాస్తా ఆకాశంలోకో నీళ్ళలోకో పోతుంది. చవక కెమెరాకి పెద్ద లెన్సు తగిలించి 'లాంగ్ రేంజ్' అని అమ్మేవాటితో బోటు మీద వచ్చే చిక్కు ఇదే. డిజిటల్ జూమ్ గురించి మీకు చెప్పక్కర్లేదు, ఉన్న చుక్కనే పెద్దది చేసి చూపిస్తుంది. ఫ్రేమ్ రేటు కూడా చూడాలి. కొన్ని 9 హెర్ట్జ్‌వి వస్తాయి, అమెరికా ఎగుమతి నియమాల వల్ల ఆ వేగం దగ్గర ఆపేసినవి. గోడలో నీటి లీకు వెతకడానికి చాలు. ఊగే బోటు మీద చేతిలో పట్టుకుని చూస్తే కళ్ళు తిరుగుతాయి. 25 కి తగ్గకూడదు.

ఇంత తెలుసుకున్నాక నాకు గర్వం వచ్చింది. అదే రాత్రి ఒడ్డు మీద నుంచి కెమెరాని దూరంగా వెళ్తున్న ఒక టగ్గు వైపు తిప్పి మావయ్యకి చూపించాను. టగ్గు పొగగొట్టం తెల్లగా వెలుగుతోంది. వెనక బార్జీ పొడుగ్గా, బూడిద రంగులో ఒక గీతలా ఉంది. "చూశావా మావయ్యా, ఇది ఉండుంటే ఆ రోజు రెండూ కనపడేవి."

ఆయన ఫోన్ తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత మామూలు కళ్ళతో టగ్గు వైపు చూశాడు. మళ్ళీ ఫోన్‌లో చూశాడు.

"దీపాలేవిరా?" అన్నాడు.

నిజమే. దీపాలు లేవు. కెమెరా చూసేది వేడిని, వెలుతురుని కాదు. ఇప్పటి ఎల్‌ఈడీ దీపం అంత దూరం నుంచి పిక్సెలులో వందో వంతు కూడా ఉండదు. ఎరుపూ లేదు, ఆకుపచ్చా లేదు.

"తాడేది?"

తాడూ లేదు. తడి తాడు నీటి వేడిలోనే ఉంటుంది.

ఆ రెండు ప్రశ్నలకి నా దగ్గర జవాబు లేక ఆ రాత్రి కూర్చుని సముద్రపు దారి నియమాలు చదివాను. 1972లో దేశాలన్నీ కలిసి రాసుకున్నవి, 1977 నుంచి అమల్లో ఉన్నాయి. చదివాక తెలిసింది, రాత్రి సముద్రం మీద దీపాలు వెలుతురు కోసం కాదు, అవి మాటలు. ఓడకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు. మీకు ఎదురుగా ఎరుపొక్కటే కనపడిందంటే ఆ ఓడ మీ ఎడమ వైపుకి పోతోంది. ఆకుపచ్చ ఒక్కటే అయితే కుడికి. రెండూ కలిపి కనపడుతున్నాయంటే నేరుగా మీ మీదికే వస్తోంది. టగ్గు దేన్నైనా లాగుతుంటే దాని స్తంభం మీద ఒకదాని కింద ఒకటి రెండు తెల్ల దీపాలుండాలి. లాగే పొడవు 200 మీటర్లు దాటితే మూడు. వెనక నుంచి చూస్తే తెల్ల దీపం మీద పసుపు దీపం. లాగబడేదానికి కూడా దాని ఎరుపూ ఆకుపచ్చా దానికుండాలి. అంటే నిలువుగా రెండు తెల్ల దీపాలు కనపడ్డాయంటే చాలు, వెనక ఏదో ఉంది, మధ్యలో తాడుంది, మధ్యలోంచి పోవద్దని ఆ టగ్గు అరిచి చెబుతున్నట్టు. ఆ తాడుని ఏ కెమెరా చూపించదు. ఆ రెండు దీపాలే చూపిస్తాయి.

జనవరిలో ఆ బార్జీ మీద ఉన్నది ఒక్కటే మసక దీపమని మావయ్య అంటాడు. టగ్గు మీద ఎన్ని ఉన్నాయి అని అడిగాను. "చూళ్ళేదురా" అన్నాడు. కాసేపాగి, "మన డెక్కు లైటు వెలుగుతోంది అప్పుడు" అన్నాడు.

వల విప్పి చేపలు తీయడానికి వాళ్ళు తెల్లటి ఫ్లడ్ లైటు వాడతారు. పని అయ్యాక కూడా అది ఆపలేదు. ఇక్కడ కంటి సంగతి చెప్పాలి. మా అమ్మ చదివిన తెలుగు మీడియం పుస్తకంలో రాడ్స్‌ని దండాలు, కోన్స్‌ని శంకువులు అని రాశారు, నాకు ఆ మాటలు నచ్చాయి. చీకట్లో పనిచేసేవి దండాలు. వాటిల్లో ఉండే రోడాప్సిన్ అనే పదార్థం వెలుతురు తగిలితే విడిపోతుంది. మళ్ళీ పూర్తిగా కూడుకోవడానికి అరగంట పైనే పడుతుంది. ఒక్కసారి ఫోన్ చూస్తే చాలు, ఆ అరగంట గోవిందా. ఎర్రటి వెలుతురుకి మాత్రం దండాలు పెద్దగా స్పందించవు, అందుకే ఓడల్లో రాత్రిపూట చార్టు చూసే చోట ఎర్ర బల్బు పెడతారు. ఇంకో చిత్రం, చూపు నడిమధ్యలో దండాలు అసలు ఉండవు. చీకట్లో దేన్నైనా సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూస్తే కనపడుతుంది. ఇది నేనేదో కొత్త విషయంలా చెప్పబోతే మావయ్య నవ్వాడు. "మీ తాత నాకు పదేళ్ళప్పుడే చెప్పాడు. చుక్కనైనా దీపాన్నైనా ఓరగా చూడమని."

థర్మల్ కెమెరా తెర కూడా ఒక లైటే అని అప్పుడు వెలిగింది నాకు. కంటికి ఆనించి చూసి దించగానే ఆ కన్ను గుడ్డిదయిపోతుంది. అందుకని రెండు కళ్ళ బైనాక్యులర్ రకం వద్దు, ఒక కంటి మోనోక్యులరే తీసుకోవాలి. తెర వెలుగు బాగా తగ్గించి ఒక కన్నుతోనే చూడాలి. రెండో కన్ను చీకటికి అలవాటు పడి ఉండాలి, దీపాల రంగులు చదవడానికి.

అయితే మన బోటు వాళ్ళకి ఎలా కనపడుతోంది? ఈ ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఫైబర్ అన్నది ఓడ రాడారుకి దాదాపు గాలితో సమానం. మావయ్య బోటు 8 నాట్లతో, ఓడ 15 నాట్లతో ఎదురెదురుగా వస్తుంటే ఒక నాటికల్ మైలు దూరం రెండున్నర నిమిషాల పైన కాస్తలో అయిపోతుంది. ఆ టైములో అంత పెద్ద ఓడ పక్కకి తిరగడం సులువు కాదు. బోటు మీద దారి దీపాల కింద ఉన్నది, గెడకి కట్టిన ఒక తెల్ల ఎల్‌ఈడీ.

కాబట్టి నలభై వేలల్లో మొదటి పదకొండు వేలు నైట్ విజన్‌కి పోలేదు. 12 మీటర్ల లోపు బోటుకి నియమం ప్రకారం చుట్టూ కనపడే తెల్ల దీపం ఒకటి, పక్కలకి ఎరుపూ ఆకుపచ్చా చాలు. వల వేసి ఉన్నప్పుడు పైన ఎరుపు, కింద తెలుపు వెలగాలి. అవన్నీ, వాటి వైరింగూ, స్తంభం మీద అల్యూమినియం రాడార్ రిఫ్లెక్టరూ, మడత రేకుల్లాంటిది, దాని మూలలు రాడారు అలని వచ్చిన వైపుకే తిప్పి కొడతాయి. ఐదు జాకెట్లకీ, వల బోయాలకీ మెరిసే టేపు. క్యాబిన్‌లో ఎర్ర బల్బు. జాకెట్‌కొక విజిల్. గోడ మీద పెయింటుతో కోస్ట్ గార్డ్ నంబరు 1554.

విజిల్ సంగతి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం ఇదే బోటు మీద నుంచి ఒక కళాసీ రాత్రి నీళ్ళలో పడ్డాడు. ఎవరూ చూడలేదు. కాసేపటికి లెక్క తక్కువైందని తెలిసి వెనక్కి తిప్పారు. దీపాలన్నీ వెలిగించి వెతికారు, దొరకలేదు. చివరికి మావయ్య ఇంజను ఆపేసి అందర్నీ నోరు మూసుకోమన్నాడు. అప్పుడు వినపడింది అతని కేక. దాదాపు గొంతు పోయింది అప్పటికే. జనవరిలో తాడు చప్పుడు విన్నది కూడా అతనే. నియమాల్లో ఐదోది కాపలా గురించి. చూపుతోనూ వినికిడితోనూ, అందుబాటులో ఉన్న ప్రతి సాధనంతోనూ గమనిస్తుండాలని దాని సారం. వినికిడి అని ఎందుకు రాశారో నాకు ఆ కథ విన్నాకే అర్థమైంది.

ఇక నా తప్పు సలహా. మిగిలిన డబ్బుతో ఏమీ కొనొద్దని, చీటీ పాడాక 640 పిక్సెళ్ళదే తీసుకుందామని చెప్పాను. 25 మిల్లీమీటర్ల లెన్సుతో తల 260 మీటర్ల దాకా కనపడుతుంది కదా. ఎక్సెల్ షీట్ చేసి చూపించాను. మావయ్య ధర చూశాడు. తర్వాత చిన్నది, 256 పిక్సెళ్ళు 10 మిల్లీమీటర్లది ఎంతన్నాడు. అది 104 మీటర్లే అన్నాను.

"ఓడలకి కళ్ళు చాలు, దీపాలు పెట్టాం కదా. తాడు ఎందులోనూ కనపడదన్నావు. ఇంక మనిషి పడితేనే కదా అది కావాల్సింది? మనిషి పడితే జీపీఎస్‌లో వచ్చిన గీత మీదే వెనక్కి వెళ్తాం. ఆ గీతకి అటూ ఇటూ వంద మీటర్లు కనపడితే సరిపోదా?"

సరిపోతుంది. నేను దూరాన్ని పెంచడం గురించి ఆలోచిస్తున్నాను, ఆయన వెతకాల్సిన చోటుని తగ్గించడం గురించి. చిన్న లెన్సుతో ఆ సెన్సరు వెడల్పు కూడా 17 డిగ్రీల పైనే వస్తుంది, అంటే 640 దానితో దాదాపు సమానం. నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంది ఆ కాలమ్, నేను చూడలేదు.

అలా ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై బోటు ఒడ్డెక్కాక, ఇంకాస్త కలిపి చిన్నదే కొన్నాం. కొనేటప్పుడు ఇంకో నాలుగు చూసుకున్నాం. ఐపీ 67 ఉండాలి, అంటే మీటరు లోతులో అరగంట తట్టుకునేది. బ్యాటరీ విప్పి మార్చుకునేలా ఉండాలి, లోపల అతికించింది వద్దు. తుపాకీకి బిగించే స్కోపు రకం ఎంత తక్కువకి వచ్చినా వద్దు, తనిఖీకి వచ్చినవాళ్ళకి సమాధానం చెప్పుకోలేం. బయటి దేశం నుంచి తెప్పించే ఆలోచన ఉంటే ముందు కస్టమ్స్ నియమాలు కనుక్కోవాలి, మేం బిల్లుతో ఇక్కడే కొన్నాం. లెన్సు మీద ఉప్పు ఎండితే లుంగీతో తుడవకూడదు, ముందు మంచినీళ్ళు పోసి కడగాలి. ఈ ముక్క మాత్రం మావయ్యకి మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది.

నిషేధం జూన్ 14తో అయిపోయింది. వల అల్లే తాడుతోనే దాన్ని క్యాబిన్ మేకుకి కట్టి వేలాడదీశాడు మావయ్య. రోజూ రేవు దాటగానే ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు యాంకరేజి దగ్గర ఒకసారి తీసి చూస్తారట. మొన్న ఫోన్ చేస్తే ఎలా పనిచేస్తోందని అడిగాను. ఇప్పటిదాకా దాంతో కనిపెట్టింది ఒక్కటే అన్నాడు. ఐసు పెట్టె మూత ఒక మూల సరిగ్గా మూసుకోవట్లేదట, అక్కడి నుంచి చల్లదనం నల్లటి చారలా కారుతూ కనపడిందట.